చిరు వ్యాపారి పరపతి

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు రెండర్థాలున్నవి. సంఘంలో ఒక మనిషికి గల పలుకుబడి మొదటిది. అప్పు పుట్టించుకోగల శక్తి రెండవది. ‘పరపతి సంఘం’ అన్నప్పుడు మనం వాడుతున్నది ఈ రెండవ అర్థాన్నే. ఉర్దూలోని ‘సాఖ్’ అనే మాటకు సైతం ఇవే రెండర్థాలు కలవు. బజారులో సాఖ్ ఉన్నవాడంటే నలుగురిలో మాట చెల్లేవాడు. టోకు వర్తకుని వద్ద సరుకు అరువుగా దొరికేవాడు కూడా. రెండు భాషలూ వేర్వేరు దారులలో నడిచి ఒకే అనుభవాన్ని ఒక్కొక్క మాటలో భద్రపరచినవి. మంచి పేరు కూడా ఒక మూలధనమే అన్నది ఆ అనుభవం. నేడు ‘పౌరసంబంధాలు’ అనీ, ‘మార్కెటింగ్’ అనీ కళాశాలలలో బోధింపబడుతున్న శాస్త్రాలు పెద్ద సంస్థల కొరకు మాత్రమే పుట్టినవని చాలామంది భావిస్తారు. కాని వాటి అవసరం చిన్న దుకాణదారుకే ఎక్కువ. పెద్ద సంస్థకు పేరు పోయినా డబ్బు మిగులుతుంది. చిన్నవానికి పేరు పోతే మిగిలేది ఖాళీ అల్మారాలే.

పెన్‌పహాడ్ వంటి మండల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకొందాం. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడే వరకు ఇది నల్లగొండ జిల్లాలో భాగం. కాలువల నీటిని నమ్ముకొని వరి పండించే ప్రాంతమిది. ఇటువంటి చోట కిరాణా దుకాణం, దర్జీ పని, ఎరువుల దుకాణం, చాయ హోటలు, మోటారు సైకిళ్ల మరమ్మతు మొదలైనవి అనేక కుటుంబాలకు జీవనాధారాలు. ఒకవైపు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోని పెద్ద దుకాణాలు, మరొకవైపు చేతిలోని ఫోను ద్వారా సరుకును ఇంటికే పంపే సంస్థలు ఈ చిరు వ్యాపారులతో పోటీ పడుతున్నవి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు ఊరి దుకాణంలో దొరికే వస్తువునే పట్నంలో కొని తెచ్చుకోవడం గొప్పగా భావించే వారూ ఉన్నారు.

దీనిని కేవలం దుకాణదారుల కష్టంగా చూడరాదు. నాట్ల కాలంలో కూలి డబ్బు చేతికి రాకముందే పావు కిలో పప్పు, కొద్దిపాటి నూనె ఉద్దెరకు ఇచ్చేది ఊరి దుకాణమే. పట్నపు బజారుగాని, ఫోనులోని బజారుగాని ఒంటరిగా బ్రతికే ముసలమ్మను పేరు పెట్టి పిలిచి, ఆమెకు ఖాతా తెరవదు. కావున ఊరి అంగడి నిలవడం ఊరి పేదలకు సైతం అవసరమే. అది ఎట్లా నిలుస్తుందన్నదే ఈ వ్యాసంలో విచారింపదగిన విషయం.

రెండు శాస్త్రాలు, ఒక ప్రయోజనం

ముందుగా మార్కెటింగ్ అంటే ఏమిటో చూద్దాం. ఉన్న సరుకును ఏదో విధంగా అంటగట్టడం అమ్మకం. కొనేవానికి ఏది కావాలో ముందే గ్రహించి, దానిని అతనికి అందేటట్లు ఏర్పాటు చేయడం మార్కెటింగ్. అమెరికాకు చెందిన ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ 1960లో దీనికి నాలుగు అంగాలను నిర్దేశించినాడు. అవి సరుకు, ధర, అమ్మే చోటు, ప్రచారం. మన కిరాణా దుకాణానికి ఈ నాలుగింటినీ అన్వయిస్తే, ఏ బియ్యం తెప్పించాలి, ఎంతకు అమ్మాలి, దుకాణం ఏ వేళకు తెరవాలి, ఇంటికి సరుకు పంపాలా వద్దా, కొత్తగా వచ్చిన సరుకు సంగతి ఊరికి ఎట్లా తెలియాలి అనే ప్రశ్నలుగా మారుతవి. తెల్లవారుజామున పొలానికి పోయే రైతుకు ఆరు గంటలకే చాయ దొరికే హోటలు మూడవ అంగాన్ని చక్కగా గ్రహించిందన్నమాట.

పౌరసంబంధాలు ఇంతకంటె విశాలమైనవి. కొనేవారితో మాత్రమే గాక ఇరుగుపొరుగుతో, పనివారితో, సరుకు పంపే టోకు వర్తకులతో, పంచాయతీతో, ఎన్నడూ మన దుకాణం మెట్లెక్కని వారితో సైతం సద్భావాన్ని పెంపొందించుకోవడమే పౌరసంబంధాల లక్ష్యం. ఆధునిక పౌరసంబంధాలకు ఆద్యులలో ఒకడుగా పరిగణింపబడే ఐవీ లీ 1906లో, అమెరికా బొగ్గు గనుల సమ్మె సందర్భంలో, పత్రికలకు ఒక ప్రకటన పంపినాడు. తాము చేసే పనిని దాపరికం లేకుండా, త్వరగా, నిజంగా ప్రజలకు తెలియజేస్తామన్నది దాని సారాంశం. గనుల యజమానులు అంతవరకు మౌనాన్నే కవచంగా ధరించినవారు. మౌనం వదంతిని పెంచుతుందనీ, నిజం దానిని తగ్గిస్తుందనీ లీ గ్రహించినాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న మన సామెతలో ఈ శాస్త్రపు మొదటి పాఠం ఉన్నది.

మన నేల మీది దృష్టాంతాలు

ఈ సూత్రాలను ఆచరణలో చూడడానికి దూరదేశాలకు పోనవసరం లేదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించినారు. కొత్త మందు, కొత్త పేరు, పరాయి నగరం. కొనేవారు నమ్మేదెట్లా? ఆయన సంగీత కచేరీలకు వచ్చినవారికి ఆ మందును ఉచితంగా పంచినారు. కచేరీలో గంటల తరబడి కూర్చున్నవారికి తలనొప్పి రావడం సహజం. మందు అవసరమైన చోట, అవసరమైన వేళకు, వెల లేకుండా చేతిలో పడినది. గుణం కనిపించిన తరువాత దుకాణం ఎక్కడని వారే అడుగుతారు. ఆ వ్యాపార సంపాదనతో ఆయన 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగాను, 1914లో మద్రాసులో దినపత్రికగాను నడిపినారు. ‘దేశోద్ధారక’ అని తెలుగు ప్రజలు ఆయనను గౌరవించినారు. వ్యాపారానికి వచ్చిన పేరును ప్రజాసేవకూ, ప్రజాసేవకు వచ్చిన పేరును వ్యాపారానికీ ఆయన విడదీయలేనట్లుగా ముడివేసినారు.

ఈ దృష్టాంతాన్ని చూసి, మాకు ఉచితంగా పంచే స్తోమత లేదని చిన్న వ్యాపారి అనవచ్చు. అయితే మన అంగళ్లలో తరతరాలుగా ఉన్న ‘కొసరు’ ఏమిటి? కూరగాయలు తూచిన తరువాత పైన వేసే నాలుగు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు, పిల్లవాని చేతిలో పెట్టే బెల్లం ముక్క, ఇవన్నీ మన పూర్వులు కనిపెట్టిన మార్కెటింగే. కొత్తగా పచ్చళ్లు పెట్టి అమ్మే గృహిణి రుచి చూడమని ఒక చెంచా ఇవ్వడం పంతులు గారి పద్ధతికి చిన్న రూపమే. అయితే ఒక నియమం ఉన్నది. రుచికి ఇచ్చిన సరుకూ, వెలకు ఇచ్చిన సరుకూ ఒకటే కావలెను. మేలు రకం రుచి చూపించి నాసిరకం అమ్మినవాడు తన కొసరుతో తన దోషాన్నే చాటుకొన్నవాడవుతాడు.

రెండవ దృష్టాంతం హైదరాబాదుది. హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు 1920లో ‘జిందా తిలిస్మాత్’ అనే యూనానీ మందును ప్రారంభించినారు. యూకలిప్టస్ తైలం దానిలో ప్రధాన ద్రవ్యం. ఆ మందు పెట్టె మీద ముద్రించిన బొమ్మ నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీ యోధునిది. బలానికి గుర్తుగా ఆ బొమ్మ ఎన్నికైనది. దాని ప్రయోజనం అంతటితో ఆగలేదు. అక్షరాలు చదవలేనివాడు సైతం ఆ బొమ్మను చూసి మందును గుర్తుపట్టగలడు. ఉర్దూ తెలిసినవాడు పేరు చదివి కొంటాడు. తెలియనివాడు బొమ్మ చూపి అడుగుతాడు. వాడవలసిన విధానాన్ని వివిధ భాషలలో అచ్చు వేసి అందించడం వలన, కొన్నవానికి మరొకరిని అడిగే పని తప్పినది. పేరు, గుర్తు, కొనేవాని భాష అనే మూడింటినీ ఒకే చీటీ మీద కూర్చడం ఎంత శక్తివంతమో ఈ నూరేండ్ల మందు చెబుతున్నది.

తెలుగు, ఉర్దూ కలిసి వినిపించే మన ప్రాంతంలో ఈ పాఠం మరింత విలువైనది. దుకాణం బోర్డు రెండు భాషలలో ఉంటే రెండు వర్గాలకూ ఆహ్వానం పలికినట్లే. ధరల పట్టిక పెద్ద అక్షరాలతో, స్పష్టమైన అంకెలతో ఉంటే చదువు తక్కువైనవానికి సంకోచం తగ్గుతుంది. ధర అడగడానికి జంకేవాడు అడగకుండానే వెనుదిరిగి పోతాడు. అట్లా పోయినవానిని దుకాణదారు గమనించనైనా గమనించడు.

మూడవ దృష్టాంతం మన పాత నల్లగొండ జిల్లాలోనిదే. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న పోచంపల్లిలో వందలాది నేత కుటుంబాలున్నవి. ఒక్కొక్క నేతగానికి విడిగా ప్రకటనలు ఇచ్చే శక్తి లేదు. వారందరికీ కలిపి పెట్టుబడిగా నిలిచినది ఊరి పేరు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పాదయాత్రలో అక్కడ భూదానోద్యమం ఆరంభమైనందున ఆ పేరు దేశమంతటా వినిపించినది. ఆ ఊరి ఇక్కత్ వస్త్రాలు ఆ పేరును దేశాలు దాటించినవి. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చిన తరువాత, 2005 నాటికి పోచంపల్లి ఇక్కత్‌కు ఆ గుర్తింపు లభించినది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా పోచంపల్లిని ఎంపిక చేసినది. అయినప్పటికీ మిల్లు బట్టపై ఇక్కత్ నమూనాను అచ్చువేసి తక్కువ ధరకు అమ్మే నకళ్ల బెడద తప్పలేదు. పేరు సంపాదించడం ఒక ఎత్తు, దానిని కాపాడుకోవడం మరొక ఎత్తు. ఒక ఊరి దర్జీలు, పచ్చళ్లు పెట్టే మహిళా సంఘాల సభ్యులు, బుట్టలల్లేవారు ఒకే పేరు కింద, ఒకే నాణ్యతా నియమం కింద కలిసి నిలిస్తే ఒంటరిగా సాధ్యం కానిది సాధ్యమవుతుంది. అందులో ఒక్కరు నాసిరకం ఇచ్చినా అందరి పేరూ పోతుందన్న ఎరుక మాత్రం వారికి ఉండవలెను.

ఒక గిరాకి విలువ ఎంత?

మన ప్రాంతంలో కొనేవానిని ‘గిరాకి’ అంటాము. అమ్మకం జోరుగా ఉంటే దానినీ ‘గిరాకి’ అనే అంటాము. మనిషికీ, వ్యాపారానికీ ఒకే మాట. ఆ మనిషి విలువను లెక్క వేసిన దుకాణదారులు మాత్రం అరుదు. ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక కుటుంబం నెలకు 2,000 రూపాయల సరుకు కొంటుందనుకొందాం. సంవత్సరానికి అది 24,000 రూపాయలు. అయిదేండ్లకు 1,20,000 రూపాయలు. నూటికి 8 రూపాయలు మిగులుతుందని భావించినా, ఆ కుటుంబం వలన అయిదేండ్లలో వచ్చే లాభం 9,600 రూపాయలు. ఇప్పుడు ఆ ఇంటి ఇల్లాలు 60 రూపాయల పప్పు పొట్లం తెచ్చి, పురుగు పట్టిందని చూపినదనుకొందాం. “ఇచ్చినప్పుడు బాగానే ఉన్నది” అని వాదించి పంపివేసిన దుకాణదారు 60 రూపాయలు మిగుల్చుకొని 9,600 రూపాయలు పోగొట్టుకొంటున్నాడు. బావి దగ్గర, పొలం గట్టు మీద, నేడు వాట్సాప్‌లో ఆమె చెప్పే మాటకు ఈ లెక్కలో చోటే లేదు.

ఫిర్యాదు వచ్చినప్పుడు చేయదగినవి మూడు పనులు. మొదటిది, పూర్తిగా వినడం. సగం కోపం వినడంతోనే చల్లారుతుంది. రెండవది, తప్పు తనదైతే వెంటనే వస్తువు మార్చి ఇవ్వడం. తనది కానప్పుడు కారణాన్ని మర్యాదగా వివరించడం. మూడవది, ఆ సరుకు పంపిన టోకు వర్తకునికి అదే రోజు తెలియజేసి, మిగిలిన పొట్లాలను అమ్మకం నుండి తొలగించడం. ఈ మూడవ పనిని చాలామంది మరచిపోతారు. ఒకరికి మార్చి ఇచ్చి, అదే సరుకును మరొకరికి అమ్మితే మొదటి మర్యాద నటనగా మిగిలిపోతుంది.

ప్రచారాన్ని సైతం ఇట్లాగే లెక్క వేయవలెను. 1,000 కరపత్రాలకు 1,000 రూపాయలు ఖర్చయి, వాటిని చూసి పదిమంది కొత్తవారు వచ్చినారనుకొంటే ఒక్కొక్కరిని రప్పించడానికి 100 రూపాయలు పడినట్లు. వారిలో ఇద్దరే మళ్లీ వస్తే, నిలిచిన ఒక్కొక్క గిరాకి వెల 500 రూపాయలు. కరపత్రం మనిషిని ఒకసారి గడప దాకా తెస్తుంది. రెండవసారి తెచ్చేది తూకం, మాట, సరుకు. కావున కొత్తవారి కొరకు ఖర్చు చేసే ముందు పాతవారు ఎందుకు మానుకొన్నారో విచారించడం తెలివైన పని.

ఉద్దెర, ఊరు, ఉత్సవం

చిన్న వ్యాపారికి కత్తి మీద సాము వంటిది ఉద్దెర. “అరువు రేపు” అని తెలుగులోను, “ఆజ్ నఖద్, కల్ ఉధార్” అని ఉర్దూలోను దుకాణాలలో రాసి ఉంచడం మనకు పరిచితమే. అయితే వానాకాలం పంట చేతికి వచ్చేదాకా, తిరిగి యాసంగి ధాన్యం అమ్ముడయ్యేదాకా నగదు ఆడని పల్లెలో ఉద్దెర లేకుండా దుకాణం నడవదు. నూరు ఇండ్లకు 1,500 రూపాయల చొప్పున ఇస్తే 1,50,000 రూపాయలు బయట నిలిచిపోతవి. ఆ మేరకు టోకు వర్తకుని వద్ద తన సాఖ్ తగ్గిపోతుంది. కావున ఇచ్చేటప్పుడే హద్దు చెప్పడం, రాసిన ప్రతి పద్దును గిరాకి ముందే చదివి వినిపించడం, అతని వద్ద కూడా ఒక చిన్న పుస్తకం ఉంచడం మంచి పద్ధతులు. బాకీ అడగడం ఒక విద్య. నలుగురిలో అడిగితే డబ్బు వచ్చినా మనిషి రాడు. ఏకాంతంలో, పంట అమ్మిన వారంలో, గౌరవంగా అడిగితే రెండూ వస్తవి.

మన ప్రాంతపు ఉత్సవాలు కూడా వ్యాపారికి పరీక్షలే. సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేండ్లకొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గాలో ఏటా జనవరిలో జరిగే ఉర్సుకు హిందువులు, ముస్లిములు కలిసి తరలి వస్తారు. ఆ రద్దీలో వస్తువుల ధర పెంచి అమ్మడం తేలిక. ఎందుకంటే కొనేవాడు మళ్లీ కనిపించడని అమ్మేవాడు భావిస్తాడు. కాని ఆ యాత్రికులలో అధికులు చుట్టుపక్కల మండలాలవారే. జాతరలో మామూలు ధరకు అమ్మి, దుకాణం ముందు ఒక కుండ చల్లని నీరు ఉంచినవాని పేరు ఎద్దుల బండ్లు నడిచిన కాలంలోనూ ఊరూరికీ పాకేది. ఆటోలు తిరిగే నేడూ పాకుతుంది.

కొత్త పనిముట్లు, పాత ధర్మం

2016లో మొదలైన యూపీఐ చెల్లింపులు నేడు కూరగాయల బండి దాకా చేరినవి. వాట్సాప్‌లో సరుకుల చీటీ తెప్పించుకొని, సాయంత్రానికి సంచి కట్టి ఉంచడం ఏ దుకాణదారుకైనా సాధ్యమే. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు, తెరిచే వేళలు నమోదు చేయడానికి రుసుము లేదు. 2020 జూలై 1న ప్రారంభమైన ‘ఉద్యమ్’ నమోదుకు కూడా రుసుము లేదు. 2025 ఏప్రిల్ 1 నుండి యంత్ర సామగ్రి మొదలైన వాటిపై పెట్టుబడి 2.5 కోట్లు, వార్షిక వ్యాపారం 10 కోట్ల రూపాయలు మించని సంస్థలు సూక్ష్మ సంస్థల కిందికి వస్తవి. మన పల్లె అంగళ్లన్నీ ఈ హద్దుకు ఎంతో దిగువనే ఉన్నవి. బ్యాంకు రుణం కోరేవారికి ఈ నమోదు ఉపకరిస్తుంది.

పనిముట్లు మారినా ధర్మం మారలేదు. ఫోనులో పెట్టే బొమ్మ ఒకటి, సంచిలో వచ్చే సరుకు ఒకటి అయితే పేరు పాడయ్యే వేగం మాత్రం పెరిగినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చి, 2020 జూలై నుండి అమలవుతున్నది. దాని ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. చట్టం చేయి పెన్‌పహాడ్ దాకా చాచవలసిన అవసరం లేకుండానే, అంతకంటె కఠినమైన తీర్పును ఊరు ఇస్తుంది. ఆ తీర్పుకు అప్పీలు ఉండదు.

మన విద్యార్థులలో అనేకులు దుకాణాలు నడిపే ఇండ్ల నుండి వచ్చినవారు. ఉద్యోగం దొరకని పక్షంలోనే వ్యాపారమన్న భావన వారిలో కొందరికి ఉన్నది. అది సరి కాదు. తండ్రి కూర్చున్న గల్లాపెట్టె ముందు కూర్చోవడానికి సైతం ఒక శాస్త్రజ్ఞానం కావలెను. అట్టివారు ఈ సెలవులలో ఒక పని చేయవచ్చు. ఇంటి ఖాతా పుస్తకం తెరిచి, రెండేండ్ల క్రితం క్రమంగా వస్తూ నేడు రాని కుటుంబాల పేర్లు ఒక కాగితం మీద రాయాలి. ఆ ఇండ్లకు పోయి, కొనమని అడగకుండా, ఎందుకు మానుకొన్నారని మాత్రమే వినయంగా అడగాలి. తూకమా, మాటా, ధరా, సరుకా, లేక ఎన్నడో జరిగిన ఒక చిన్న అవమానమా అన్నది వారే చెబుతారు. ఆ జవాబుల కాగితాన్ని ఇంటికి తెచ్చి తండ్రి ముందు చదివే విద్యార్థి, పరపతి అనే మాటకు గల రెండర్థాలనూ ఒకే దినంలో నేర్చుకొన్నవాడవుతాడని నా విశ్వాసం.